పాత కాయం – కొత్త ప్రాణం

మనుషుల అభిరుచులు నానావిధాలు. తపాలా బిళ్ళలు కూర్చేవారు, పాత నాణేలు వెదికేవారు, తాళపత్రాలు భద్రపరిచేవారు ఎందరో ఉన్నారు. వీరందరిలోనూ ఒక సమాన ధర్మం కనిపిస్తుంది. దొరికిన వస్తువును దొరికినట్లే కాపాడడం వారి లక్ష్యం. నాణెం మీది మకిలిని తోమితే దాని విలువ తరిగిపోతుందని నాణేల సేకర్తలు భయపడతారు. దీనికి పూర్తిగా భిన్నమైన అభిరుచి ఒకటుంది. అందులోనూ పాత వస్తువు మీద అపారమైన మమకారమే ఉంటుంది. కాని ఆ మమకారం వస్తువును ఉన్నదున్నట్లు ఉండనివ్వదు. అర్ధశతాబ్దం కిందటి స్పోర్ట్స్ కారును కొని, దాని ఇంజనును ఊడదీసి, అంతకంటె బలమైన మరొక ఇంజనును ఆ స్థానంలో ప్రతిష్ఠించడమే ఆ అభిరుచి. ఇంగ్లండులోను, అమెరికాలోను, ఆస్ట్రేలియాలోను దీనిని ఒక తపస్సుగా సాగించేవారున్నారు. వీరిలో చాలామంది వృత్తిరీత్యా యంత్రాలతో సంబంధం లేనివారు. పగలంతా ఉద్యోగం చేసుకొని, సాయంకాలాలూ సెలవుదినాలూ ఇంటి పక్క షెడ్డులో నూనె మరకల మధ్య గడుపుతారు. ఒక కారు పూర్తి కావడానికి నెలలు పట్టవచ్చు, సంవత్సరాలూ పట్టవచ్చు.

ఈ అభిరుచికి ఎక్కువగా పాత్రమైన కార్లలో ఎం.జి.బి. ఒకటి. ఎం.జి. అనే పేరు మన విద్యార్థులకు కొత్తది కాదు. 2019 నుండి మన రోడ్ల మీద హెక్టర్ మొదలైన కార్ల ముందుభాగంలో ఎనిమిది భుజాల చట్రంలో ఆ రెండక్షరాలు కనిపిస్తున్నాయి. ఆ పేరు అనేక చేతులు మారి నేడు చైనా సంస్థ సొత్తయింది గాని, దాని జన్మస్థలం ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డ్ పట్టణం. ఎం.జి. అనగా 'మోరిస్ గ్యారేజెస్'. విలియం మోరిస్ స్థాపించిన ఆ అమ్మకపు సంస్థకు 1922లో సెసిల్ కింబర్ నిర్వాహకుడయ్యాడు. మోరిస్ కార్లు గట్టివి, చవకైనవి, కాని చూపులకు సాదాసీదావి. కింబర్ వాటి అడుగుభాగాన్ని ఉంచుకొని, పైన అందమైన తేలికపాటి దేహాలను కట్టించి, ఇంజన్లకు కొంత చురుకుదనం కల్పించి అమ్మసాగాడు. అట్లా మొదలైందే ఎం.జి. వంశం. అంటే ఒకరు చేసిన కారును మరొకరు తమ అభిరుచికి అనుగుణంగా మార్చుకోవడం ఆ వంశానికి పుట్టుకతో వచ్చిన గుణమన్నమాట. ఎం.జి.బి.ని మార్చేవారిని సంప్రదాయ విధ్వంసకులని నిందించేవారు ఈ మూలాన్ని ఒకసారి గుర్తు చేసుకోవడం మంచిది.

ఎం.జి.బి. 1962లో వెలువడింది. ఇద్దరు కూర్చునే చిన్న కారు. వాన వస్తే గుడ్డ కప్పు వేసుకోవాలి, ఎండ కాస్తే తీసివేయాలి. 1965లో దానికి స్థిరమైన కప్పుతో జి.టి. అనే రూపం కూడా తోడైంది. 1980 అక్టోబరులో ఆక్స్‌ఫర్డ్ సమీపంలోని ఆబింగ్డన్ కర్మాగారం మూతపడే వరకు 5 లక్షలకు పైగా ఎం.జి.బి.లు అక్కడ తయారయ్యాయి. ఆ కాలానికి దాని దేహనిర్మాణం ఆధునికమైనది. విడిగా చట్రం లేకుండా దేహమే చట్రంగా భారాన్ని మోసేటట్లు దానిని నిర్మించారు. గుండె మాత్రం పాతది. 1950ల నాటి రూపకల్పనను పెంచి తయారు చేసిన 1,798 సి.సి. పోత ఇనుము ఇంజను అది. నాలుగు సిలిండర్లు, సుమారు 95 అశ్వశక్తి. దృఢమైనదే, నమ్మదగినదే, కాని ఆ దేహం అంతకంటె ఎక్కువ మోయగలదని నడిపిన ప్రతివాడికీ తోచేది.

కర్మాగారం వారికీ తోచింది. 1967లో వారు ఎం.జి.సి. అనే కారును తెచ్చారు. అందులో 2,912 సి.సి. ఆరు సిలిండర్ల ఇంజను పెట్టారు. బలం పెరిగింది, దానితో పాటు బరువూ పెరిగింది. పోత ఇనుముతో చేసిన ఆ పొడవాటి ఇంజను వలన కారు ముందుభాగం మీద దాదాపు 90 కిలోల అదనపు భారం పడింది. తిన్నని రోడ్డు మీద బాగానే పరుగెత్తేది. మలుపు వస్తే మాత్రం తిరగడానికి మొరాయించేది. పత్రికల పరిశీలకులు దయ చూపలేదు. రెండేళ్లు తిరగకుండానే, సుమారు 9,000 కార్లతో ఎం.జి.సి. కథ ముగిసింది. పెద్ద సంస్థ, నిపుణులైన ఇంజనీర్లు, కావలసినంత ధనం – ఇవన్నీ ఉండి కూడా జరిగిన పొరపాటు ఇది. ఎంత బలం చేర్చామన్నది చూశారు గాని, ఆ బలం ఎంత బరువుతో వస్తున్నదో, ఆ బరువు ఎక్కడ కూర్చుంటున్నదో వారు తగినంతగా పట్టించుకోలేదు.

తగిన ఇంజను అప్పటికే సముద్రానికి ఆవల పుట్టి, పుట్టిన చోట నిరాదరణకు గురై ఉంది. అమెరికాలోని జనరల్ మోటార్స్ సంస్థ 1961 నమూనా కార్ల కోసం అల్యూమినియంతో ఒక వి8 ఇంజనును రూపొందించింది. నాలుగేసి సిలిండర్లు రెండు వరుసలుగా ఆంగ్లాక్షరం 'వి' ఆకారంలో ఒరిగి ఉంటాయి గనుక దానికా పేరు. పరిమాణం మూడున్నర లీటర్లు. బ్యూయిక్, ఓల్డ్స్‌మొబైల్ కార్లలో దానిని వాడారు. అల్యూమినియం పోత పోయడంలో ఎదురైన చిక్కులు, ఖర్చు చూసి, 1963తో ఆ సంస్థ దానిని వదిలివేసింది. బ్రిటన్‌కు చెందిన రోవర్ సంస్థ అధిపతి విలియం మార్టిన్-హర్స్ట్ వేరే పని మీద అమెరికాలోని ఒక పడవ ఇంజన్ల కర్మాగారానికి వెళ్లినప్పుడు, అక్కడ నేల మీద ఈ ఇంజను ఆయన కంట పడింది. 1965లో రోవర్ దాని హక్కులు కొన్నది. 1967 నుండి రోవర్ కార్లలోను, 1970 నుండి రేంజ్ రోవర్‌లోను అది కనిపించింది. ఈ శతాబ్దపు తొలి సంవత్సరాల దాకా బ్రిటన్‌లో అది తయారవుతూనే ఉంది. కన్నతల్లి కాదన్న బిడ్డకు పెంపుడు తల్లి ఇంట్లో నలభై ఏళ్ల ఆయుష్షు దొరికింది.

ఈ ఇంజనుకూ ఎం.జి.బి.కీ పెళ్లి కుదిర్చినవాడు కెన్ కాస్టెల్లో. ఆయన కార్ల పందెగాడు. 1970 ప్రాంతంలో ఎం.జి.బి.లో ఈ వి8ను అమర్చి చూశాడు. విచిత్రమేమంటే ఎనిమిది సిలిండర్ల అల్యూమినియం ఇంజను, నాలుగు సిలిండర్ల పాత ఇనుప ఇంజనుతో దాదాపు సమానంగానే తూగింది. కారు ముక్కు బరువెక్కలేదు. బలం మాత్రం ఒకటిన్నర రెట్లయింది. ఎం.జి.సి.తో కర్మాగారానికి దక్కనిది ఒక చిన్న వర్క్‌షాపులో దక్కింది. కాస్టెల్లో వరుసగా కార్లు మార్చి అమ్మసాగాడు. ఇంజను మీద కార్బురేటర్లు ఎత్తుగా కూర్చోవడంతో బానెట్ మూయడానికి చోటు చాలక, ఆయన బానెట్ మీద ఒక ఉబ్బెత్తు కట్టవలసి వచ్చింది. ఆ ఉబ్బెత్తే ఆయన కార్లకు ఆనవాలయింది. కర్మాగారం యజమానులైన బ్రిటిష్ లేలండ్ వారు ఆయన కారును తెప్పించుకొని పరిశీలించారు. 1973 ఆగస్టులో తామే ఎం.జి.బి. జి.టి. వి8ను విడుదల చేశారు. కార్బురేటర్లను వెనుకకు జరిపి బానెట్‌ను చదునుగానే ఉంచడం వారు చేసిన తెలివైన మార్పు. ఆ కారులో 137 అశ్వశక్తి ఉండేది. గంటకు సుమారు 200 కి.మీ. వేగం అందుకునేది. 1976 వరకు 2,591 కార్లు మాత్రమే చేశారు. అదీ కప్పు ఉన్న జి.టి. రూపంలోనే, తెరచిన కారులో వి8ను వారు అమ్మలేదు. ఆ లోటే నేటి అభిరుచిపరుల షెడ్లను నిండుగా ఉంచుతున్నది.

ఇక షెడ్డులో జరిగే పని సంగతి చూద్దాం. ఇంజను మార్చడమంటే పాతది తీసి కొత్తది పెట్టడమే కదా అని బయటివారికి అనిపిస్తుంది. తీయడానికి ఒక రోజు, పెట్టడానికి ఒక రోజు చాలు. మిగిలిన నెలలన్నీ ఆ ఇంజనుకు తగినట్లు కారును సిద్ధం చేయడానికే పడతాయి. ఈ అభిరుచి లోని సారమంతా ఇక్కడే ఉంది.

అనుభవజ్ఞుడు ముందుగా ఇంజను జోలికే పోడు. జాకీ మీద కారును లేపి, కింద దూరి, తుప్పు వెదుకుతాడు. చలికాలంలో మంచు కరగడానికి అక్కడి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పు నీరు తలుపుల కింది పెట్టె అంచులలో చేరి ఇనుమును తినివేస్తుంది. దేహమే చట్రమైన కారులో ఆ అంచులు ఇంటికి దూలాల వంటివి. పై రంగు నిగనిగలాడుతూ ఉంటుంది. స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే లోపలికి దిగిపోతుంది. అంచులను కోసి కొత్తవి వెల్డింగ్ చేయాలి. కోసే ముందు తలుపు చోట అడ్డదూలాలు బిగించకపోతే, కప్పు లేని కారు నడుము వంగిపోతుంది. తరువాత తలుపులు పడవు. పుచ్చిన దేహంలో 137 అశ్వశక్తి పెట్టడం కంటె అవివేకం మరొకటి లేదు. అయినా సంతకు వచ్చే సగంలో ఆగిన బండ్లను చూస్తే, మెరిసే కొత్త ఇంజను పుచ్చిన అంచుల మధ్య కూర్చొని ఉండడం అరుదైన దృశ్యం కాదు.

తరువాత ఇంజను. అది చాలావరకు ఏదో ఒక పాత రోవర్ కారు నుండో, రేంజ్ రోవర్ నుండో, తుక్కు అంగడి ద్వారానో వస్తుంది. గొలుసు కప్పీకి వేలాడదీసి, గేర్‌బాక్సుతో సహా మెల్లగా దింపుతారు. ముందు అట్టముక్కలు కోసి చోటు కొలుస్తారు. పొడవులో ఇబ్బంది లేదు, వెడల్పే చిక్కు. వి ఆకారపు ఇంజను రెండు ప్రక్కలకూ విస్తరించి ఉంటుంది. ఒక ప్రక్క స్టీరింగ్ దండం, దానికి తగులుతూ పొగ గొట్టాలు. అంగుళంలో నాలుగో వంతు చోటు కోసం వారాల తరబడి తర్జనభర్జనలు జరుగుతాయి. 1974 చివరి నుండి వచ్చిన కార్లలో, వి8 కోసం ఇంజను గదిలో చేసిన మార్పులను కర్మాగారం వారు అన్నింటికీ వర్తింపజేశారు. నల్లని రబ్బరు బంపర్లతో వచ్చిన ఆ కార్లను చూసి అందం చెడిందని చాలామంది ముఖం చిట్లించేవారు. ఇంజను మార్చేవారికి మాత్రం అవే ముద్దు. అందగత్తెలను సంగ్రహాలయానికి వదిలి, అనాదరణకు గురైనవారిని చేరదీసే ఔదార్యం ఈ అభిరుచిలో అప్రయత్నంగా సమకూరింది.

ఇంజను కూర్చున్నాక వేడి సమస్య మొదలవుతుంది. ఎనిమిది సిలిండర్ల వేడిని పాత రేడియేటర్ మోయలేదు. జి.టి. వి8లో కర్మాగారం వారే రెండు విద్యుత్ ఫ్యాన్లు పెట్టవలసి వచ్చింది. ఆ పైన వెనుక ఇరుసు సంగతి ఉంది. పాత కారులో ఇంజను శక్తిని మోసే దండం దాదాపు 3.9 సార్లు తిరిగితే చక్రం ఒక్కసారి తిరిగేది. బలహీనమైన ఇంజనుకు ఆ తోడ్పాటు అవసరం. బలమైన ఇంజనుకు అదే శిక్ష; ఊరికే గోలపెట్టి తిరుగుతుంది గాని హాయిగా సాగదు. అందుకే వి8 కారులో ఆ నిష్పత్తిని 3.07కు తగ్గించారు. ఈ ఒక్క మార్పుతో అదే కారు అరిచే స్వభావం మాని గంభీరంగా నడుస్తుంది.

అన్నింటికంటె ముఖ్యమైనవి బ్రేకులు. వేగం రెట్టింపయితే గమనశక్తి నాలుగు రెట్లవుతుందని భౌతికశాస్త్రం చదివిన ప్రతి విద్యార్థికీ తెలుసు. పాత ఎం.జి.బి. గరిష్ఠవేగం గంటకు 165 కి.మీ. అనుకుందాం. వి8తో అది 200 అయింది. వేగంలో పెరిగింది అయిదో వంతు మాత్రమే. కాని కారును నిలపడానికి బ్రేకులు మింగవలసిన శక్తి దాదాపు ఒకటిన్నర రెట్లయింది. కర్మాగారం వారు ముందు చక్రాలకు మందమైన బ్రేకు డిస్కులు వేశారు. వివేకవంతులైన అభిరుచిపరులు ఇంజను ఇంకా నేల మీద ఉండగానే బ్రేకుల పని పూర్తి చేస్తారు. ఈ క్రమాన్ని తలకిందులు చేసేవారూ ఉన్నారు. ఇంజను ధ్వని చెవులకు ఇంపుగా ఉంటుంది. బ్రేకులకు ధ్వని లేదు. పదిమంది మెచ్చుకునే పని ముందు చేసి, ఎవరూ చూడని పనిని వాయిదా వేసే బుద్ధి పందెపు కార్లకే పరిమితమైనది కాదు.

చిట్టచివర ఇంజనును మేల్కొలిపే రోజు వస్తుంది. చాలాకాలం ఎండిపోయి ఉన్న ఈ రకం ఇంజనులో నూనె పంపు నూనెను పైకి పీల్చుకోలేదు. దానికి ఒక సులభమైన చిట్కా ఉంది. పంపు విప్పి, దాని పళ్ల మధ్య వాసెలిన్ దట్టంగా కూరుతారు. గాలి చొరబడదు, నూనె పైకి వస్తుంది, వాసెలిన్ ఆ వేడికి కరిగి నూనెలో కలిసిపోతుంది. ఇక సిలిండర్లలో నిప్పురవ్వలు పుట్టే వరుస ఉంది. 1-8-4-3-6-5-7-2 అనే క్రమాన్ని ఇందులో తలమునకలైనవారు మంత్రంలా వల్లిస్తారు. ఎనిమిది తీగలలో రెండు తారుమారైతే, గణం తప్పిన పద్యంలా ఇంజను కుంటుతుంది. ఒక్కొక్కసారి పెడేలుమని పేలుతుంది కూడా.

ఇంత మార్చిన తరువాత ఆ కారు పాత కారేనా? ఈ ప్రశ్న వినగానే మనకు భేతాళ కథలు స్ఫురించడం సహజం. తెగిపడిన ఇద్దరి తలలను తొందరలో తారుమారుగా అతికించిన యువతి కథ అందులో ఉంది. భర్త తల సోదరుని మొండేనికి, సోదరుని తల భర్త మొండేనికి చేరాయి. ఇద్దరిలో ఆమె భర్త ఎవరని భేతాళుడు అడుగుతాడు. అవయవాలలో శిరస్సు ప్రధానం గనుక భర్త తల ఉన్నవాడే భర్త అని విక్రమార్కుడు తీర్పు చెబుతాడు. కారుకు శిరస్సేది? ఇంజనే అని పిల్లవాడు కూడా చెబుతాడు. బ్రిటన్ వాహనశాఖ తీర్పు వేరు. మార్చిన కారు తన పాత నంబరును నిలుపుకోవాలంటే ఎన్ని అసలు భాగాలు మిగిలి ఉండాలో తేల్చడానికి ఆ శాఖ చాలా సంవత్సరాల పాటు ఒక మార్కుల పద్ధతిని పాటించింది. దేహానికి లేదా చట్రానికి 5 మార్కులు. స్ప్రింగుల అమరికకు, ఇరుసులకు, గేర్‌బాక్సుకు, స్టీరింగుకు ఒక్కొక్కదానికి 2. ఇంజనుకు 1. ఎనిమిది వస్తే పాత నంబరు నిలుస్తుంది. అన్నింటిలో తక్కువ మార్కు ఇంజనుకే! 2025 ఆగస్టులో ఆ నిబంధనలను సవరించారు గాని, ఆ మార్కుల వెనుక ఉన్న దృష్టి ఆలోచింపదగినది. వారి లెక్కలో కారంటే భారం మోసేదే గాని పరుగెత్తించేది కాదు.

మన దేశంలో చట్టం ఇంతకంటె కఠినమైనది. తయారీదారు నిర్దేశించిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చరాదని మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ చెబుతున్నది. 2019 జనవరిలో సుప్రీం కోర్టు కూడా ఈ నియమాన్ని గట్టిగా సమర్థించింది. కనుక మోటారు సైకిలు సైలెన్సర్ విప్పి వీధిని హోరెత్తించడాన్ని ఈ అభిరుచితో పోల్చుకోవడం తగదు.

చట్టం సంగతి అట్లా ఉండగా, ప్రేమికుల మధ్య తగవు వేరే ఉంది. పాత కార్లు ఒక తరం చేతిపనికి సాక్ష్యాలనీ, ఒక్కొక్క ఇంజను మారుతున్నకొద్దీ ఒక్కొక్క సాక్షి నోరు మూతపడుతున్నదనీ సంరక్షణవాదులు బాధపడతారు. ఆ బాధలో న్యాయముంది. లక్షల సంఖ్యలో దొరికిన కాలంలో ఒక ఎం.జి.బి.ని మార్చితే లోకానికి నష్టం లేదు. తుప్పుకూ కాలానికీ బలైపోగా మిగిలినవి తరుగుతున్నప్పుడు అదే పని వేరొక రంగు సంతరించుకుంటుంది. పాత వాహనాల అంతర్జాతీయ సమాఖ్య 2012లో ఆమోదించిన ట్యూరిన్ పత్రం ఇందుకు ఒక మధ్యేమార్గం చూపింది. మార్పు తప్పనిసరైతే దానిని తిరిగి వెనుకకు మళ్ళించగలిగేటట్లు చేయాలి. తీసిన ముఖ్యభాగాలను కారుతో పాటు భద్రపరచాలి. అందుచేత మంచి అభిరుచిపరుని షెడ్డులో ఒక మూల పాత ఇంజను నూనె పూసుకొని, గోనెగుడ్డ కప్పుకొని కూర్చొని ఉంటుంది. దాని నంబరు పలక దానికే ఉంటుంది. దేహంలో కొత్త రంధ్రాలు వేయకుండా, పాత బోల్టుల చోటనే కొత్త పట్టీలు బిగించడం ఎట్లాగో వెదకి వెదకి సాధిస్తారు. కోసి అతికించడం కంటె ఇది ఎన్నో రెట్లు కష్టం. ఇటీవల ఎం.జి.బి.లలో పెట్రోలు ఇంజను తీసి విద్యుత్ మోటారు, బ్యాటరీలు అమర్చేవారు కూడా వచ్చారు. బరువు ఎక్కడ కూర్చుంటుంది, బ్రేకులు చాలునా, దేహం మోయగలదా – వారికీ మొదట ఎదురయ్యేవి ఈ ప్రశ్నలే.

ఈ తగవులో కాస్టెల్లో కార్లకు పట్టిన గతి చూడదగినది. ఒకప్పుడు అవి అసలు కారును మార్చి చేసిన కార్లు. నేడు వాటిని కొనేవారు అది నిజంగా కాస్టెల్లో చేతిపనేనా, తరువాతి కాలంలో ఎవరైనా అనుకరించి చేసిందా అని పత్రాలన్నీ తిరగవేసి, ముందున్న చిహ్నాన్ని తడిమి చూసి మరీ నిర్ధారించుకుంటారు. చోటు చాలక ఆయన కట్టిన ఆ బానెట్ ఉబ్బెత్తును చదును చేసే ఉపాయం కర్మాగారం వారు 1973లోనే చూపించారు. అయినా కాస్టెల్లో కారు ఉన్న ఇంట ఆ మాట ఎత్తితే యజమాని ఒప్పుకోడు.